మేకని అమ్మేశారా పిన్నీ?

మా అక్క కొడుక్కి ఎనిమిదేళ్లు. వాడికి రాత్రిపూట కథ చదివే డ్యూటీ కొన్నాళ్లుగా నాది. చదవడం అంటే ఇంగ్లిష్ పుస్తకం చేతిలో పట్టుకుని, నోటితో తెలుగులో చెప్పుకుంటూ పోవడం. ఆ రాత్రి చేతికొచ్చింది ఐజాక్ బషెవిస్ సింగర్ రాసిన 'జ్లాటె ద గోట్'. ఎప్పుడో సెకండ్ హ్యాండ్ పుస్తకాల్లో బొమ్మలు బాగున్నాయని కొన్నాను. ఏడాది పాటు అలమరలోనే పడుంది, నేను కూడా చదవలేదు. చదవని పుస్తకం పిల్లల ముందు తెరవకూడదని అప్పటికి నాకు ఇంకా బుద్ధి రాలేదు.

కథ ఇలా మొదలవుతుంది. ఒక పల్లెలో రూవెన్ అనే ఆయన బొచ్చుతోళ్లతో కోట్లు కుట్టి అమ్ముతుంటాడు. ఆ ఏడు చలి సరిగ్గా పడలేదు, కోట్లు కొనేవాళ్లు లేరు. యూదుల దీపాల పండగ హనుక్కా దగ్గరికొచ్చేసింది, చేతిలో డబ్బుల్లేవు. ఇంట్లో జ్లాటె అని ఒక మేక ఉంది, ముసలిదైపోయింది, పాలు కూడా తగ్గిపోయాయి. పట్నంలో ఫైవెల్ అనే కసాయి దానికి ఎనిమిది గుల్డెన్లు ఇస్తానన్నాడు. తల్లి, చెల్లెళ్లు ఏడుస్తున్నారు. పన్నెండేళ్ల ఆరన్ దాని మెడకి తాడు కట్టి తోలుకెళ్లాలి, నాన్న మాట మరి. మేకకి ఏమీ తెలీదు, తాడు కడుతుంటే ఆరన్ చెయ్యి నాకింది.

ఇక్కడ మావాడు లేచి కూర్చున్నాడు. "మేకని అమ్మేశారా పిన్నీ?"

నాకెలా తెలుస్తుంది, నేనూ వాడితోపాటే చదువుతున్నాను. పైగా లోపల టెన్షన్ మొదలైంది. యూదుల పుస్తకం కదా, మేక చచ్చిపోతుందేమో, పిల్లాడు చచ్చిపోతాడేమో, ఇద్దరూ పోతారేమో, రాత్రి పదింటికి వీణ్ణి పట్టుకుని నేనేం ఓదార్చను అని. పేజీ తిప్పే వంకన గబగబా ముందుకి చూసేశాను, సిగ్గు లేకుండా.

ఎవరూ చావలేదు. దారిలో మంచు తుఫాను వచ్చింది, రోడ్డు కనిపించలేదు, ఆరన్ కాళ్లు మొద్దుబారిపోయాయి. సరిగ్గా అప్పుడు మంచులో ఒక గుట్ట తగిలింది. గుట్ట కాదు, గడ్డివామి. లోపలికి తొలుచుకుంటూ వెళ్లి ఇద్దరికీ గూడు చేశాడు. మేకకి చుట్టూ ఉన్న గోడలూ కప్పూ నేలా అన్నీ తిండే. అది గడ్డి తింటుంది, వాడు దాని పాలు తాగుతాడు. గాలి ఆడటానికి కర్రతో మంచులోంచి చిన్న కన్నం పొడిచాడు. మూడు రోజులు అలాగే. జ్లాటెకి వచ్చిన మాట ఒక్కటే, "మా...". ఆరన్ ఏం చెప్పినా "మా..." అంటుంది, ఆ ఒక్క మాటనీ వాడు రోజుకో రకంగా అర్థం చేసుకుంటాడు. నేను "మే..." అని చదివితే మావాడు ఒప్పుకోలేదు, పుస్తకంలో ఎలా ఉందో అలాగే అరవమన్నాడు. అరిచాను. తుఫాను తగ్గాక పట్నం వైపు కాకుండా ఇంటి వైపు నడిచారు. మేకని అమ్మే మాట ఇక ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చలి ముదిరింది కాబట్టి నాన్న కోట్లూ అమ్ముడుపోయాయి. నాకు బాగా నచ్చిన సంగతి ఇదే: జ్లాటెని బతికించింది ఆరన్ ప్రేమ ఒక్కటే కాదు, వాతావరణం కూడా. ఆకలి తీరితేగానీ ప్రేమకి చోటు దొరకదని పిల్లల కథలో ఇంత మామూలుగా చెప్పేశాడు ఆయన.

వాడు నిద్రపోయాక నాకు నిద్ర పట్టలేదు. "యూదుల పుస్తకం కదా, ఎవరో ఒకరు చచ్చిపోతారు" అని నాకెందుకు అనిపించింది? ఆలోచిస్తే నాకు తెలిసిందల్లా అన్నే ఫ్రాంక్ డైరీ, రెండు మూడు సినిమాలు, స్కూల్లో హిట్లర్ పాఠం. వాళ్లని ఎలా చంపారో తెలుసు. ఎలా బతికారో, ఏం తిన్నారో, పిల్లల్ని నిద్రపుచ్చడానికి ఏం చెప్పుకున్నారో ఒక్క ముక్క తెలీదు. ఆ దాక్కున్న ఇంట్లో కూర్చుని అన్నే ఫ్రాంక్ డైరీతోపాటు చిన్న చిన్న కథలు కూడా రాసుకుందట, అందులో దేవకన్యల కథలున్నాయి. ఆ సంగతి మాకు ఏ టీచరూ చెప్పలేదు.

మర్నాడు పుస్తకం మళ్లీ మొదటి నుంచి చూశాను, ఈసారి బొమ్మలు. గీసింది మారిస్ సెండాక్. 1928లో బ్రూక్లిన్‌లో పుట్టాడు, అమ్మానాన్నలు పోలండ్ నుంచి అమెరికా వెళ్లిన యూదులు. అక్కడే ఉండిపోయిన వాళ్ల బంధువుల్లో చాలామందిని నాజీలు చంపేశారు. 1966లో ఈ పుస్తకానికి బొమ్మలు వేయాల్సి వచ్చినప్పుడు సెండాక్ ఇంట్లో ఉన్న పాత ఫొటోలు తీసి, ఆ పోయినవాళ్ల ముఖాలనే కథల్లో మనుషులకి పెట్టాడు. పుస్తకం చేతికిస్తే అమ్మానాన్నా ఆ ముఖాల్ని గుర్తుపట్టారు. ఇది తెలిశాక ఆ నలుపు తెలుపు గీతల్ని మామూలుగా చూడలేకపోయాను. గడ్డం పెంచుకుని అమాయకంగా నవ్వుతున్న ఆ పెద్దాయన ఎవరి మేనమామో. పిల్లల నవ్వుల పుస్తకంలో చచ్చిపోయినవాళ్లంతా హాయిగా తిరుగుతున్నారు, మనకి తెలియకుండా. సింగర్ కూడా పుస్తకం మొదట్లోనే చెప్పాడు, తెలివిమాలిన యుద్ధాల వల్ల, క్రూరమైన హింస వల్ల పెరిగి పెద్దయ్యే అవకాశమే దొరకని పిల్లలకి ఈ పుస్తకం అంకితమని. మొదటి రాత్రి ఆ పేజీ చూడకుండా తిప్పేశాను. అంకితాలు ఎవరు చదువుతారు!

ఇక ఆ పుస్తకంలోనే హెల్మ్ కథలు. హెల్మ్ అనేది పోలండ్‌లో నిజంగా ఉన్న ఊరు. యూదుల కథల్లో మాత్రం అది మూర్ఖుల రాజధాని. పరమానందయ్య శిష్యులకి మేనత్త కొడుకులు అనుకోండి. కాకపోతే తేడా ఒకటుంది. పరమానందయ్య దగ్గర మూర్ఖులు శిష్యులు, హెల్మ్‌లో మూర్ఖులు ఊరి పెద్దలు. ఏడుగురు, గడ్డాలు నిమురుకుంటూ రోజుల తరబడి చర్చిస్తారు. వాళ్లకి తెలివి తక్కువ అనడం కంటే తర్కం ఎక్కువ అనాలి. ఒక హనుక్కా రాత్రి మంచు కురిసి వెన్నెల్లో మెరుస్తోంది, నేలంతా వెండి, ముత్యాలు, వజ్రాలు. ఇంత సంపద తెల్లారేసరికి జనం తొక్కి పాడుచేస్తారని పెద్దలకి బెంగ. ఇంటింటికీ వెళ్లి ఎవరూ బయటికి రావద్దని చెప్పడానికి పనికుర్రాడు గింపెల్‌ని పంపుదామన్నారు. మరి గింపెల్ నడిస్తే వాడూ తొక్కుతాడు కదా? అందుకని వాణ్ణి ఒక బల్ల మీద నిలబెట్టి నలుగురు మోసుకెళ్లేలా ఏర్పాటు చేశారు. సమస్య తీరిపోయింది.

మావాడు ఐదు సెకన్లు ఆలోచించాడు. తర్వాత దిండు మీద పడి దొర్లాడు.

తెల్లారి చూస్తే హెల్మ్‌లో మంచు అంతా ఆ నలుగురి కాళ్ల కింద పచ్చడి. పెద్దలు మళ్లీ కూర్చున్నారు, తప్పెక్కడ జరిగిందో కనిపెట్టారు. బల్ల మోసిన నలుగుర్ని మోయడానికి ఇంకో నలుగుర్ని పెట్టాల్సింది! వచ్చే ఏడు ఇలా జరిగితే అలాగే చేద్దామని తీర్మానం. మీటింగులకి వెళ్లే ఉద్యోగం చేసే ఎవరికైనా ఈ కథ చదివితే నవ్వుతోపాటు కాస్త కడుపులో కలుక్కుమంటుంది.

సింగర్ యిడ్డిష్‌లో రాసేవాడు. తూర్పు యూరప్ యూదులు ఇంట్లో మాట్లాడుకున్న భాష అది, హీబ్రూ లిపిలో రాస్తారు. ఆయన పిల్లల కోసం రాయడం మొదలుపెట్టే నాటికి అరవై దాటాయి, ఆ భాషలో చదువుకోవాల్సిన పిల్లలు చాలామంది లేరు. 1978లో నోబెల్ ఇచ్చినప్పుడు స్టాక్‌హోమ్ విందులో నిలబడి, నేను పిల్లలకి ఎందుకు రాస్తానంటే ఐదువందల కారణాలున్నాయి, టైమ్ లేదు కాబట్టి పది చెబుతానన్నాడు. పిల్లలు పుస్తకాలు చదువుతారు, సమీక్షలు చదవరు. విమర్శకుల్ని లెక్కచేయరు. దేవుడు, కుటుంబం, దెయ్యాలు, తర్కం, విరామ చిహ్నాలు లాంటి పాతబడిపోయిన వాటన్నిటినీ వాళ్లింకా నమ్ముతారు. పుస్తకం బోరు కొడితే మొహమాటం లేకుండా ఆవలిస్తారు. ఆ చివరిది నేను ప్రతి రాత్రీ ప్రత్యక్షంగా చూస్తున్నాను.

ఇక్కడి నుంచి నాకు పిచ్చి పట్టింది. ఎక్కడ యూదుల పిల్లల పుస్తకం కనిపిస్తే అక్కడ తెప్పించడం, అరువడగడం, దొరక్కపోతే ఎవరైనా చదివి వినిపించిన వీడియో వెతకడం. అన్నీ బాగుండవు, ముందే చెప్పేస్తున్నా. పండగల పుస్తకాల్లో సగానికి పైగా పాఠాలే. హనుక్కాకి ఎనిమిది రాత్రులు దీపాలు ఎందుకు వెలిగిస్తారంటే, పూర్వం యెరూషలేము దేవాలయంలో, అని మొదలై అమ్మమ్మ మనవడికి ప్రశ్నలు జవాబులు చెబుతూ పోతుంది. మూడో పేజీకి మావాడు గురక. వాడి తప్పు లేదు.

పాఠం లేని పండగ పుస్తకం కావాలంటే ఎరిక్ కిమ్మెల్ రాసిన 'హెర్షెల్ అండ్ ద హనుక్కా గాబ్లిన్స్' చదవాలి, 1989లో వచ్చింది, బొమ్మలు ట్రీనా షార్ట్ హైమన్. ఒక ఊళ్లో దెయ్యాలు హనుక్కా దీపాలు వెలగనివ్వవు. హెర్షెల్ అనే దేశదిమ్మరి కొండ మీద పాడుబడ్డ సినగాగ్‌లో, అంటే యూదుల ప్రార్థనా మందిరంలో, ఎనిమిది రాత్రులు ఒక్కడే ఉండి దీపాలు వెలిగిస్తానంటాడు. రాత్రికో దెయ్యం వస్తుంది, రోజురోజుకీ పెద్దది. చేతిలో ఉన్నది ఉడకబెట్టిన గుడ్డు, దాన్ని రాయి అని చెప్పి పిడికిట్లో నలిపేసరికి మొదటి దెయ్యం బేజారు. రెండోదానికి జాడీలో ఊరవేసిన దోసకాయలు చూపిస్తాడు, అది చెయ్యి పెట్టి గుప్పెడు పట్టుకుంటుంది, ఇక చెయ్యి బయటికి రాదు. వదిలేస్తే వస్తుంది, కానీ వదలదు! చివరికి దెయ్యాల రాజే వస్తాడు. హెర్షెల్ అంటాడు కదా, చీకట్లో నువ్వెవరో నాకేం కనిపిస్తుంది, నిజంగా రాజువేనా లేక ఊరి కుర్రాళ్లు ఆటపట్టిస్తున్నారా అని. రాజుకి పౌరుషం వచ్చి తనే అగ్గి రాజేసి దీపాలన్నీ వెలిగిస్తాడు. అంతే, శాపం తీరిపోయింది. పండగ గురించి ఒక్క ముక్క ఉపన్యాసం లేదు, ఈ పుస్తకం తర్వాత హనుక్కా అంటే ఏంటని వాడే అడిగాడు.

దీనికి పూర్తిగా వేరే దారిలో నడిచేది సిడ్నీ టేలర్ 'ఆల్ ఆఫ్ ఎ కైండ్ ఫ్యామిలీ'. ఇది మావాడికి కొంచెం నెమ్మదిగా అనిపించింది, నాకు మాత్రం ప్రాణం. 1912లో న్యూయార్క్ లోయర్ ఈస్ట్ సైడ్, ఇరుకిళ్లు, ఐదుగురు అక్కచెల్లెళ్లు, ఎల్లా, హెన్నీ, శారా, షార్లెట్, గెర్టీ. నాన్న పాత సామాన్ల వ్యాపారం. ముందుగది దుమ్ము దులిపే పని ఎవరికీ ఇష్టం లేదని అమ్మ ఆ గదిలో అక్కడక్కడా బొత్తాలు దాచిపెడుతుంది. వంతు వచ్చిన పిల్ల కుర్చీ కాళ్ల సందులు కూడా వదలకుండా తుడిచి బొత్తాలన్నీ వెతికి పట్టుకోవాలి. ఎంత తెలివైన తల్లి! పైసా ఖర్చు లేదు, తిట్టు లేదు, గది అద్దంలా ఉంది. మొదటి అధ్యాయంలో శారా లైబ్రరీ పుస్తకం పోతుంది, ఆ పిల్ల భయపడుకుంటూ లైబ్రరీ ఆవిడ ముందు నిలబడటం, కొంచెం కొంచెంగా చిల్లర కట్టి తీర్చుకోవడానికి ఆవిడ ఒప్పుకోవడం. చిన్నప్పుడు నేనూ ఒక లైబ్రరీ పుస్తకం పోగొట్టాను, కాకపోతే నాకు అలాంటి ఆవిడ దొరకలేదు, మూడు నెలలు ఆ వీధిలో నడవడం మానేశాను.

ఈ పుస్తకం పుట్టిన వైనం ఇంకా బాగుంటుంది. సిడ్నీ టేలర్ అసలు పేరు శారా బ్రెన్నర్, పుస్తకంలో శారా ఆవిడే, అక్కచెల్లెళ్లూ నిజమే. మార్తా గ్రాహం బృందంలో నాట్యం చేసేది. ఒక్కగానొక్క కూతురు, చదివే పుస్తకాల్లో మనలాంటి పిల్లలు ఎందుకు ఉండరని అడిగితే, రాత్రిళ్లు తన చిన్నప్పటి సంగతులే కథలుగా చెప్పింది, తర్వాత రాసి బీరువాలో పడేసింది. ఆవిడ ఊళ్లో లేనప్పుడు భర్త ఆ కాగితాలు తీసి చెప్పకుండా ఒక ప్రచురణకర్త పెట్టిన పోటీకి పంపేశాడు. బహుమతి వచ్చింది, 1951లో పుస్తకం వచ్చింది. ఇవాళ అమెరికాలో యూదు గ్రంథాలయాల సంఘం మంచి యూదు పిల్లల పుస్తకాలకి ఏటా ఇచ్చే బహుమతి ఆవిడ పేరు మీదే ఉంది. ఆ ముద్ర అట్ట మీద కనిపిస్తే నేనిప్పుడు కళ్లు మూసుకుని పుస్తకం తీసుకుంటున్నా, ఇప్పటిదాకా పెద్దగా మోసపోలేదు.

టేలర్ పుస్తకంలో నాకు బాగా నచ్చింది ఏంటంటే, పండగలు వస్తాయి పోతాయి, ఆవిడ బయటివాళ్ల కోసం ఆగి వివరించదు. పెరట్లో కొమ్మలతో పందిరి వేసి అందులో కూర్చుని తింటారు, అంతే. అది చదువుతుంటే నాకు చటుక్కున వెలిగింది, ఇదే కదా తెలుగు బైబిల్లో ఉన్న పర్ణశాలల పండుగ! పర్ణశాల అనగానే నాకు రాముడు, సీత, లక్ష్మణుడు. ఆ మాట యూదుల పండగకి పెట్టిన పాతకాలపు అనువాదకుడెవరోగానీ ఆయనకి దండం.

పస్కా పండుగ గురించి చదివినప్పుడు ఇంకా ఆశ్చర్యపోయాను. ఆ రాత్రి పండగంతా పిల్లల చుట్టూనే తిరుగుతుంది. ఐగుప్తులో, అంటే ఈజిప్టులో, బానిసత్వం నుంచి ఎలా బయటపడ్డామో పిల్లలకి చెప్పడం పెద్దవాళ్ల విధి, చదివే పుస్తకం పేరు 'హగ్గదా', ఆ మాటకి అర్థమే చెప్పడం. ఇంట్లో అందరికంటే చిన్న పిల్లాడు లేచి ఈ రాత్రికి మిగతా రాత్రులకి తేడా ఏంటని అడగాలి. పిల్లలు నిద్రపోకుండా పులియని రొట్టె ముక్క ఒకటి దాచిపెట్టి వెతికించే ఆట కూడా ఉంది. అంటే పిల్లలకి బోరు కొడుతుందని వాళ్లు ఎప్పుడో ఒప్పేసుకున్నారు. బొమ్మల హగ్గదాలు కూడా వందల ఏళ్లుగా ఉన్నాయి. 1300 ప్రాంతంలో జర్మనీలో తయారైన ఒకదాంట్లో చాలామంది మనుషులకి పిట్టల తలలున్నాయి, ఇప్పుడది యెరూషలేములో ఇజ్రాయెల్ మ్యూజియంలో ఉంది. ఎందుకలా గీశారని పండితులు ఇంకా వాదించుకుంటున్నారు. ఫోన్‌లో ఆ బొమ్మలు చూపిస్తే మావాడికి ఏ వాదనా అక్కర్లేకపోయింది, "పిట్టలు కాబట్టి పిట్ట తలలున్నాయి" అన్నాడు.

అదే రాత్రి చివర్లో ఒక పాట పాడతారు, 'హద్ గద్యా', ఒక్క మేకపిల్ల అని. మళ్లీ మేక! నాన్న రెండు జుజీలు పెట్టి మేకపిల్లని కొన్నాడు, దాన్ని పిల్లి తినేసింది, పిల్లిని కుక్క కరిచింది, కుక్కని కర్ర కొట్టింది, కర్రని నిప్పు కాల్చింది, నిప్పుని నీళ్లు ఆర్పాయి, నీళ్లు ఎద్దు తాగేసింది, ఎద్దుని కసాయి కోశాడు, కసాయిని మృత్యుదూత తీసుకుపోయాడు, మృత్యుదూతని దేవుడే వచ్చి చంపాడు. మావాడు సగంలోనే పట్టేశాడు. "పిన్నీ, ఇది చేపా చేపా ఎందుకెండలేదు కదా!" అవును, అదే నడక. మన కథ మాత్రం అడుక్కుంటూ అడుక్కుంటూ చివరికి నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అన్న చీమ దగ్గర ఆగుతుంది. వాళ్లది దేవుడి దాకా వెళ్తే గానీ ఆగదు. రెండు మెట్లూ ఒకటే, ఒకటి కిందికి దిగుతుంది, ఒకటి పైకి ఎక్కుతుంది.

ఇప్పుడు కోర్చాక్ గురించి రాయాలి, రాయకుండా దాటేద్దామనుకున్నాను కానీ కుదరడం లేదు.

యానుష్ కోర్చాక్, అసలు పేరు హెన్రిక్ గోల్డ్‌ష్మిట్, వార్సాలో పిల్లల డాక్టరు. క్రోహ్మల్నా వీధిలో 92వ నంబరులో యూదు అనాథ పిల్లల ఇల్లు నడిపాడు. అదే వీధిలో 10వ నంబరు ఇంట్లోనే సింగర్ పెరిగాడు, ఈ సంగతి తెలిసిన రోజు నాకు ఒళ్లు గగుర్పొడిచింది. కోర్చాక్ నడిపిన ఇంట్లో పిల్లలకి సొంత కోర్టు ఉండేది, పెద్దవాళ్ల మీద కూడా కేసు వేయొచ్చు, డాక్టరుగారి మీద కూడా. పిల్లలే రాసే వార్తాపత్రిక ఒకటి పెట్టించాడు, 1926 నుంచి 1939 దాకా ఒక దినపత్రికతో కలిసి వచ్చింది. ఆయన రాసిన 'కింగ్ మాట్ ద ఫస్ట్' లో తండ్రి చచ్చిపోతే ఒక చిన్న పిల్లాడు రాజవుతాడు, పిల్లల పార్లమెంటు పెడతాడు, పిల్లలు ఆఫీసులకీ ఫ్యాక్టరీలకీ, పెద్దవాళ్లు బడికీ వెళ్లాలని చట్టం చేస్తారు. రైళ్లు గుద్దుకుంటాయి, ఫోన్లు పనిచేయవు, దేశం అల్లకల్లోలం. పిల్లలకి ఏదీ తీపి పూసి చెప్పడు ఈయన, మాట్ చివరికి ఓడిపోతాడు. ఆఫ్రికా వాళ్లని చూపించిన తీరు మాత్రం ఇప్పుడు చదివితే చిరాకేస్తుంది, ఆ పేజీలు కొన్ని నేను దాటించేశాను.

1940లో నాజీలు ఆ పిల్లలందర్నీ ఘెట్టో, అంటే యూదుల్ని బంధించిన పేట, గోడల లోపలికి తరిమారు. 1942 జులై 18న, తిండి లేని ఆ ఇంట్లో పిల్లలు ఒక నాటకం వేశారు. ఠాగూర్ 'డాక్ ఘర్'. మన ఠాగూర్. జబ్బు చేసి బయటికి వెళ్లకూడదన్న అమల్ కిటికీ దగ్గర కూర్చుని, దారిన పోయే పెరుగమ్మేవాడితో, కాపలావాడితో, పూలు కోసే పిల్లతో మాట్లాడుతూ, రాజుగారి ఉత్తరం కోసం ఎదురుచూస్తూ నిద్రపోతాడు. ఆ నాటకం నేను చిన్నప్పుడు చదివాను, బాగుంది అనుకుని పక్కన పెట్టాను. ఇదే ఎందుకు ఎంచుకున్నారని అడిగితే, చావుని ప్రశాంతంగా ఎదుర్కోవడం పిల్లలకి తెలియాలి అన్నట్టుగా కోర్చాక్ జవాబిచ్చాడని చెబుతారు. మూడు వారాలు తిరగకుండా, ఆగస్టులో, దాదాపు 200 మంది పిల్లల్ని ట్రెబ్లింకా అనే నాజీల మరణ శిబిరానికి రైలెక్కించారు. ఆయనకి తప్పించుకునే దారులు చూపించారు స్నేహితులు. ఒప్పుకోలేదు, పిల్లలతోపాటే వెళ్లాడు.

మాట్ రాజు కథ అయిపోయాక మావాడు అడిగాడు, ఈయన ఇంకేం రాశాడు, ఇప్పుడు ఎక్కడున్నాడు అని. చాలా కాలం క్రితం మనిషిలే అన్నాను. అబద్ధం కాదు, నిజమూ కాదు. ఎనిమిదేళ్లవాడికి ఏ వయసులో ఏది చెప్పాలో నాకు నిజంగా తెలీడం లేదు. జుడిత్ కెర్ 'వెన్ హిట్లర్ స్టోల్ పింక్ రాబిట్' మాత్రం మొదలుపెట్టాను. 1933లో బెర్లిన్ వదిలి పారిపోయేటప్పుడు ఒక్క బొమ్మే తీసుకెళ్లాలంటే తొమ్మిదేళ్ల పిల్ల కొత్త కుక్కబొమ్మని తీసుకుని పాత గులాబీ కుందేల్ని ఇంట్లో వదిలేస్తుంది, తర్వాత దాని కోసం బెంగపడుతుంది. ఇంతవరకు వాడికి అర్థమైంది, ఈ వయసుకి అది చాలు.

ఈ వెతుకులాటలో ఇంకో చిత్రం బయటపడింది. నేను ఎప్పటి నుంచో ఎరిగున్న పుస్తకాలు కొన్ని యూదులవని నాకే తెలీదు. సెండాక్ సొంతంగా రాసి గీసిన 'వేర్ ద వైల్డ్ థింగ్స్ ఆర్' లో రాక్షసులు ఎవరో కాదు, ఆదివారాలు ఇంటికొచ్చి బుగ్గలు గిల్లి, నిన్ను తినేస్తా అంటూ ముద్దుచేసే సెండాక్ బంధువులే. అలాంటి పళ్లూ అలాంటి కళ్లూ ఉన్న చుట్టాలు ఎవరింట్లో లేరు! 'క్యూరియస్ జార్జ్' కోతి కాగితాలు 1940 జూన్‌లో పారిస్ నుంచి సైకిల్ మీద బయటపడ్డాయి. ఆ కోతిని సృష్టించిన రే దంపతులు జర్మన్ యూదులు, విడిభాగాలు బిగించి తయారుచేసుకున్న సైకిళ్ల మీద, నాజీలు ఊళ్లోకి రావడానికి రెండు రోజుల ముందు పారిపోయారు. 'ద స్నోయీ డే' లో ఎర్రకోటు నల్లపిల్లాణ్ణి గీసిన ఎజ్రా జాక్ కీట్స్ అసలు పేరు కాట్జ్, యూదు పేరుతో పని దొరకదని మార్చుకున్నాడు.

హీబ్రూలోంచి ఒకటే చెబుతాను, లేకపోతే ఇది తెల్లారేదాకా సాగుతుంది. లేయా గోల్డ్‌బర్గ్ రాసిన 'ఇల్లు అద్దెకివ్వబడును', ఇజ్రాయెల్లో పిల్లలకి నోటికొచ్చిన పుస్తకం. ఐదంతస్తుల మేడ. కోడి, కోకిల, పిల్లి, ఉడుత ఒక్కో అంతస్తులో ఉంటారు, ఐదో అంతస్తు ఎలుక ఎటో వెళ్లిపోయింది. ఇల్లు చూడ్డానికి వచ్చినవాళ్లందరికీ ఇల్లు నచ్చుతుంది, పక్కింటివాళ్లు నచ్చరు. కోడి బద్ధకస్తురాలని చీమ, ఉడుత కాయలు కొరికే చప్పుడని ఇంకొకరు. పంది అయితే నల్లపిల్లి ఉన్న ఇంట్లో నేనెలా ఉంటానంటుంది, దాన్ని అందరూ కలిసి వెళ్లగొడతారు. చివర్లో పావురం వస్తుంది. దానికి ఇల్లు అంతంతమాత్రంగానే నచ్చింది, కానీ ఇరుగుపొరుగు ఒకరితో ఒకరు బాగున్నారు కదా, ఉంటానంటుంది. ఇల్లు వెతికి వెతికి అలసిపోయిన పెద్దవాళ్లకి కూడా బాగా పనికొస్తుంది ఈ పుస్తకం.

బయటివాళ్లమైన మనకే ఇన్ని దొరికాయంటే వెనక ఎవరో పనిగట్టుకుని కూడబెట్టబట్టే. 1925లో బోస్టన్‌లో ఫ్యానీ గోల్డ్‌స్టీన్ అనే లైబ్రేరియన్ తన బ్రాంచిలో యూదు పుస్తకాలు ఒకచోట పేర్చి అందరికీ కనిపించేలా పెట్టింది, అదే పెరిగి ఇప్పుడు హనుక్కాకి ముందు నెలరోజుల పుస్తకాల పండగైంది. 2005లో హెరాల్డ్ గ్రిన్‌స్పూన్ అనే ఆయన 'పీజే లైబ్రరీ' మొదలుపెట్టాడు, యూదు కుటుంబాల పిల్లలకి నెలనెలా పోస్టులో ఉచితంగా పుస్తకం. పీజే అంటే పైజామా, పడుకునే ముందు చదివేది అని. పేరు విని మావాడు తనక్కూడా పైజామా పుస్తకం పోస్టులో రావాలని పేచీ. నువ్వు యూదుడివి కావురా అంటే, "మేక కూడా కాదు కదా" అన్నాడు. దీనికి నా దగ్గర జవాబు లేదు.

నిన్న సాయంత్రం వాడు డ్రాయింగ్ కాగితం తెచ్చి చూపించాడు. హెల్మ్ మంచు. పైన బల్ల, బల్ల మీద నోరు తెరుచుకుని అరుస్తున్న గింపెల్. కింద నలుగురు, వాళ్ల కింద ఇంకో నలుగురు. అంతవరకు పెద్దల తీర్మానం ప్రకారమే ఉంది. మరి ఈ నలుగురు కూడా తొక్కుతారు కదా అని వాడికి అనుమానం వచ్చినట్టుంది, వాళ్ల కింద మరో నలుగుర్ని వేశాడు, వాళ్ల కింద ఇంకో నలుగుర్ని. అందరికీ గడ్డాలున్నాయి. కాగితం చివరికొచ్చేసరికి ఆఖరి నలుగురికీ కాళ్లు గీయడానికి చోటు లేదు. కింద ఇంకో కాగితం అతికించమని టేపు నా చేతికిచ్చి నిలబడ్డాడు.